వేరు అన్న మాట

మా ముత్తాత గ్రామ మునసబు. పైనుంచి ఊరికి వచ్చే ప్రతి కాగితమూ ముందు ఆయన అరుగు మీద విప్పాల్సిందే. మా తాత కూడా మునసబే. ఏటా శిస్తు లెక్కల జమాబందికి కంభం దాకా గుర్రం మీద వెళ్ళేవాడు, అక్కడ తాసీల్దారు ఆయనకు కుర్చీ వేయించేవాడు. మా నాయన కాలానికి పంచాయతీలు వచ్చాయి. ఆయన ప్రెసిడెంటు అయ్యాడు, వరసగా మూడుసార్లు. నేను ఆయనకు ఒక్కతే కూతుర్ని. కర్నూల్లో బంధువుల ఇంట్లో ఉండి ఎస్సెల్సీ చదివి వచ్చాను. పెళ్ళి చేసుకోలేదు. మాకు సమానమైన ఇల్లు కనబడలేదని నాయన అనేవాడు. నేనూ అదే అనేదాన్ని, ఇప్పటికీ అదే అంటాను.

మా ఊరు మార్కాపురానికీ తర్లుపాడుకూ మధ్య, బాటకు కాస్త లోపలికి ఉంటుంది. ఊరికి పడమట వాగు. వాగు దాటితే మిట్ట. ఆ మిట్ట మీద మా తాత బందెలదొడ్డి కట్టించాడు. చేలల్లో పడి మేసిన పశువుల్ని తోలుకుపోయి అందులో మూస్తారు, దండుగ కట్టినవాడికి విడిచిపెడతారు. స్థలం మా పట్టా. అజమాయిషీ పేరుకు పంచాయతీది, తాళంచెవి మాత్రం మా ఇంట్లో మేకుకు వేలాడేది.

తాత రోజుల్లోనే ఒక కరువేడు యర్రగొండపాలెం వైపు నుంచి కొన్ని కుటుంబాలు గొర్రెలు తోలుకుని వచ్చాయి. తాత వాళ్ళను మిట్ట మీద గుడిసెలు వేసుకోనిచ్చాడు. బందెలదొడ్డి పక్కన పుట్టిన పల్లె కాబట్టి దానికి దొడ్డి అనే పేరు పడింది. రికార్డుల్లో కూడా అదే రాశారు. ఆ మాటకు తెలుగులో ఉన్న రెండో అర్థం అందరికీ తెలుసు. పొద్దున్నే చెంబు పట్టుకుని పోయేవాణ్ణి ఆపి, "ఏం మామా, చుట్టాల ఊరికా?" అని మా వీధిలో అడిగేవారు. ఎన్నేళ్ళయినా ఆ హాస్యం మాకు పాతబడలేదు.

నాయన మూడుసార్లు గెలిచింది ఆ దొడ్డి ఓట్లతోనే. ఊళ్ళో పలకల వ్యాపారం పెట్టినవాళ్ళు, దుకాణాల వాళ్ళు చేతిలో డబ్బాడేసరికి మా అరుగు ముందు నుంచి పోతూ చెప్పులు విడవడం మానేశారు. ఎన్నికల్లో వాళ్ళ ఓట్లు ఎటూ మావి కావు. వాగు అవతలి పల్లె మొత్తం మా వైపు పడేది కనుక కుర్చీ మా ఇంట్లో ఉండేది. దొడ్డి పోతే మేం పోయినట్టే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, తెలియనివాళ్ళూ లేరు.

మేమింకా కర్నూలు జిల్లాలో ఉన్న ఆ రోజుల్లో ఒకనాడు చావడి గోడకు నోటీసు అంటించారు. దొడ్డి అనే శివారు పల్లెను మా పంచాయతీ నుంచి విడదీసి కొత్త పంచాయతీ చేయమని అక్కడివాళ్ళు కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారట. అభ్యంతరాలుంటే గడువులోగా రాతమూలకంగా పంపాలట. నాయనకు అప్పటికే శుక్లాలు ముదిరాయి. నోటీసు నేనే చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదవమన్నాడు. మూడోసారి అడగకుండా, దొడ్డి పెద్దను పిలిపించమన్నాడు.

ఆయన మా నాయన కంటే పదేళ్ళు పెద్దవాడు. చెప్పులు దూరాన విడిచి, అరుగు కింద ఎండలో నిలబడ్డాడు. అరుగు మీద మా వైపు వాళ్ళు ఆరేడుగురు కూర్చున్నారు.

"ఏంరా, దొడ్డికి పంచాయతీ కావాల్నా?" అన్నాడు నాయన.

"మాకు నీళ్ళు కావాల అయ్యా. బాయి తవ్వించమని మార్కాపురం పోయి అడిగితే, మీ పంచాయతీలో తీర్మానం రాపిచ్చుకోని రాండి అన్నారు. ఈడికొచ్చి నిన్నడిగితే సూస్తాం లే అంటివి. సూసి సూసి నాలుగేండ్లాయ."

"కలెక్టరుకు కాయితం ఎవుడు రాసినాడు?"

"మా చిన్నోడు పలకల ఫ్యాక్టరీలో పంజేస్తాడు గదయ్యా. వాడే."

"పలకలు కోసేటోడు కలెక్టరుకు రాస్తున్నాడా! ఏంది, వానికి బలపం సరిపోలేదా?"

అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"అయితే కుర్చీలో నువ్వు కూసుంటావు. తీర్మానాలు నీ గొర్రెలు రాస్తాయి. అంతేనా?"

"గొర్రెలు రాయవయ్యా. ఎటు తోలితే అటు పోతాయి, అంతే. ఇన్నేండ్లు మేమూ నీకు అట్లనే ఓట్లేసినాం."

నవ్వు ఆగిపోయింది. ఆయన తలెత్తి కూడా అనలేదు ఆ మాట. నేల చూస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టుగా అన్నాడు. నాయన "పో" అన్నాడు. ఆయన పోయి, చెప్పులు చేతపట్టుకుని వాగు దాకా నడిచి, అక్కడ తొడుక్కున్నాడు. అప్పటికింకా అలవాటు పోలేదు.

అభ్యంతరం నేను రాశాను. నాయన వసారాలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవాడు. ఆయన చెప్పేది మొరటుగా ఉండేది, నేను దాన్ని కాగితానికి తగిన భాషలో పెట్టేదాన్ని. ఆయన వాదం ఒక్కటే. వాళ్ళు ఎక్కడినుంచో వచ్చి పడ్డవాళ్ళు, మాతో కలిసి కూర్చోవడానికే తగనివాళ్ళు, అలాంటివాళ్ళకు పంచాయతీ ఏమిటి?

"మన బాయి ముట్టనిస్తామా వాళ్ళను?" అనేవాడు నాయన. వారి నీటి వసతి మొదటి నుండియు వేరు అని నేను రాసేదాన్ని.

"వాళ్ళ పీనుగుల్ని మన నేలలో పూడ్చనిచ్చినామా ఎన్నడన్నా?" వారి శ్మశానము వేరు.

"వాళ్ళ జాతర మన వీధిలో నడిచిందా?" వారి జాతరలు, ఆచారములు వేరు.

"మన బళ్ళో మన పిల్లోళ్ళ పక్కన కూసోబెట్టినామా?" వారి పిల్లల చదువు వేరు.

ఇలాగే బాట, కల్లం, మేతబీడు, వృత్తి, చివరికి దీపాల వేళ. అన్నిట్లోనూ వేరు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చి తగలడం నాకు బాగా అనిపించింది. వాక్యాలన్నీ కావాలనే ఆ మాట మీద ఆపాను. చివర, కావున అట్టివారు పరిపాలనకు అర్హులు కారని మనవి, అని ముగించాను. చదివి వినిపిస్తే నాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగుందమ్మా. కలెక్టరు ఇది చదివితే మనమెవరో తెలుస్తది" అన్నాడు.

రిజిస్టర్ పోస్టులో పంపాం. నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అంత మంచి రాత నేను మళ్ళీ రాయలేదు.

విచారణకు పంచాయతీ ఆఫీసరు ఫలానా రోజున దొడ్డికి వస్తాడని మార్కాపురం నుంచి కబురొచ్చింది. మంచి ఎండాకాలం. ఆ రోజు పొద్దు పొడిచేసరికి నాయన మనుషులు మిట్ట మీదికి పోయి, మేతకు బయలుదేరిన జీవాలను మందలకు మందలు మళ్ళించి బందెలదొడ్డిలోకి తోలారు. మా జొన్నచేలో పడ్డాయని నేరం. చేను కోసి నెల దాటింది. బందెలదొడ్డి కావలివాణ్ణి కురిచేడులో పెళ్ళి ఉందిగా పొమ్మని నాయన ముందునాడే పంపేశాడు. దండుగ కడతామన్నా కట్టించుకునేవాడు ఉండకూడదు. జీవాల కోసం మగవాళ్ళంతా దిక్కుకొకరు పరిగెత్తుతుంటే ఆఫీసరు వస్తాడు, పల్లెలో మనిషి ఉండడు, విచారణకు ఎవరూ హాజరు కాలేదని రాసుకుని పోతాడు. అదీ నాయన లెక్క.

తాళంచెవి నా కొంగుకు కట్టుకుని నాయనతో పాటు బండిలో మిట్టకు వెళ్ళాను. చూడాలనిపించింది.

బందెలదొడ్డికి చుట్టూ నిలువెత్తు గోడ, పలకల గనుల దగ్గర పారబోసిన రాయితో పేర్చింది. పైన కంప. చెట్టు నీడ లేదు. లోపల గోడ వారనే తొట్టి ఉంది గాని, దానిలో ఎండిన పాచి తప్ప ఏమీ లేదు. ఇరవై పశువులు పట్టే చోట రెండు వందల పైన జీవాలను కుక్కారు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. వాటి అరుపు ఊళ్ళోకి కూడా వినిపించింది. వాగుకు ఆవల ఉన్న ఊరికే వినిపించే అరుపు పక్కనున్న పల్లెకు వచ్చే ఆఫీసరుకు వినిపిస్తుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

దొడ్డి జనం అక్కడే గుమిగూడారు. వాళ్ళు దిక్కులకు పోలేదు. ఆడవాళ్ళూ పిల్లలూ సహా అందరూ ఆ గోడ చుట్టూనే నిలబడ్డారు. దొడ్డి పెద్దాయన కోడలు చంకన కడవతో బండి దగ్గరికి వచ్చింది. నా ఈడుదే.

"అమ్మా, తలుపు తీయబళ్ళేదు. గోడ మీంచే తొట్లో ఈ కడవెడు పోస్తా."

"దండుగ కట్టినాక పొయ్యి."

"కట్టిచ్చుకునేటాయన యాడుండాడమ్మా? మీరే పెండ్లికి పంపినారంట గదా."

"అయితే వచ్చేదాకా ఆగు."

"నేనాగుతా. అవి ఆగవమ్మా. పిల్లలేసే జీవాలు ఉండాయి అందుల్లో."

"పేరంటమా ఏంది, పిలిచి నీళ్ళియ్యడానికి?" అన్నాను.

మా మనుషులు నవ్వారు. ఆమె కడవ నేల మీద దించి, దాని పక్కనే నిలబడింది. వెనక్కి తీసుకుపోలేదు, ఒక్క చుక్క ఎవరినీ తాగనివ్వలేదు. వాళ్ళు ఆ నీళ్ళు వాగులో చెలమ తీసి, గంట కూర్చుంటే గాని నిండని కడవలో తెచ్చుకునేవి. అది నాకు తెలుసు.

ఆఫీసరు జీపు పల్లెలో ఆగిందట. పల్లెలో మిగిలింది నడవలేని ముసలమ్మ ఒకతే. అందరూ ఏరని అడిగితే, "దొడ్డికి పోయినారు నాయనా" అందట. ఆయన పల్లె పేరే దొడ్డి కదా అనుకోకుండా, రెండో అర్థంలో తీసుకున్నాడు. కాసేపు కాచుకుని, "అందరూ ఒకేసారా అవ్వా?" అని అడిగాడట. "అందరూ నాయనా. ఆడోళ్ళు గూడా. పొద్దుననంగా పోయినారు, ఇంగా రాలే" అందట ముసలమ్మ. ఈ సంగతి ఆయనే మా దగ్గరికొచ్చాక నవ్వుతూ చెప్పాడు. గొర్రెల అరుపు విని, ఇదేదో వేరే దొడ్డి అని అర్థమై నడిచి వచ్చాడు. గోడ లోపలికి తొంగి చూశాక నవ్వు మానేశాడు.

విచారణ అక్కడే పెట్టాడు. మా బండి నొగల మీద కూర్చుని ఫైలు విప్పాడు. ముందు వాళ్ళ అర్జీ చదివాడు. అరపేజీ. కింద వేలిముద్రలు.

"ఇందులో ఏముందయ్యా? నీళ్ళు లేవు, మాకు పంచాయతీ కావాలి అని రాసినారు. నీళ్ళు లేని ఊళ్ళన్నిటికీ పంచాయతీలు ఇస్తూ పోతామా? మీది వేరే ఊరు అనేదానికి ఆధారం ఏముంది?"

పెద్దాయన తన కొడుకు వైపు చూశాడు. పలకల ఫ్యాక్టరీ కొడుకు నోరు తెరిచి మూశాడు. నాయన నాకు మాత్రమే కనబడేట్టు చిన్నగా నవ్వాడు.

ఆఫీసరు మా కాగితం తీశాడు. పైకి చదివాడు. గొర్రెల అరుపులో వినబడాలని గట్టిగా చదివాడు. వేరు అన్నప్పుడల్లా ఒక వేలు ముడిచాడు. ఒక చేయి అయిపోయి రెండో చేతికి వచ్చాడు.

"ఎవరు రాసినారిది?"

"మా అమ్మాయి" అన్నాడు నాయన, వీపు నిటారుగా పెట్టి.

"రాత చాలా బాగుంది. నీళ్ళు వేరు, శ్మశానం వేరు, బాట వేరు, బడి వేరు. ఒక పల్లెను విడదీయాలంటే నేను విచారించి రాయాల్సినవన్నీ ఈమే రాసి పెట్టింది. ప్రెసిడెంటు గారూ, మీరు అభ్యంతరం పంపినారా, వాళ్ళ తరఫున అర్జీ పంపినారా?"

మా వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మా మనుషుల్లోనే.

"అది వాళ్ళ తాహతు ఏపాటిదో తెలవడానికి..." అన్నాడు నాయన.

"తాహతు సంగతి చట్టంలో లేదండీ. వేరా, కాదా అన్నదే ఉంది." ఆయన ఫైలు మోకాళ్ళ మీద పెట్టి, గొంతు తగ్గించాడు. నాయన మర్యాద దక్కించాలనే చూశాడని ఇప్పుడు అనిపిస్తుంది. "పోనీ, ఒక పని చేయండి. వీళ్ళు మా ఊరివాళ్ళే, మా బావిలోనే నీళ్ళు తోడుకుంటారు అని ఇప్పుడొక కాగితం రాసివ్వండి. ఇది కొట్టేస్తాను. దొడ్డి మీ పంచాయతీలోనే ఉంటుంది."

ఆయన పెన్ను నా వైపు చాపాడు. అందరూ నాయన వైపు చూశారు. దొడ్డి పెద్ద కూడా చూశాడు. ఆయన ముఖంలో భయమో ఆశో నాకు తెలియలేదు. బావి వాళ్ళదయ్యేటట్టుంటే ఆయనకు పంచాయతీతో పని లేదు మరి.

ఒక్క వాక్యం. కుర్చీ దక్కేది, ఇల్లు దక్కేది.

"మా బాయిలో వాళ్ళా?" అన్నాడు నాయన. పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

నేను పెన్ను అందుకోలేదు. ఆయన రాయమన్నా రాసేదాన్ని కాను.

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకుని తలుపు తీయించమన్నాడు. కొంగు ముడి విప్పి తాళంచెవి నేల మీద వేశాను. పెద్దాయన కోడలు వంగి తీసుకుంది. జీవాలు బయటపడ్డాక లోపల మిగిలినవి కనబడ్డాయి. ఒక చూడిగొర్రె, కాళ్ళ కింద పడి చచ్చిన గొర్రెపిల్లలు ఏడు. పెద్దాయన ఒక్కొక్క పిల్లనూ ఎత్తుకొచ్చి గోడ వార వరసగా పడుకోబెట్టాడు. కోడలు కడవ ఎత్తి తొట్టిలో పోసింది.

తిరిగి వస్తున్నప్పుడు బండిలో నాయన అడిగాడు.

"వేరు అనే మాట నేనన్నానా, నువ్వు పెట్టినావా?"

"నేనే పెట్టినా నాయనా."

"బాగుండె" అన్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నా చేత ఒక్క కాగితం రాయించలేదు. జాబు చదవాలన్నా బడి పంతుల్ని పిలిపించేవాడు. నేను పక్క గదిలో ఉండి వినేదాన్ని. పంతులు చాలాచోట్ల తప్పు చదివేవాడు.

కొన్ని నెలలకు గెజిట్ వచ్చింది. రెండు పంచాయతీలకూ వాగు ఎల్ల. బందెలదొడ్డి వాళ్ళ వైపు పడింది. వాళ్ళు పల్లె పేరు మార్చుకున్నారు. ఆ కొత్త పేరు నేను ఇంతవరకు నోటితో పలకలేదు. అక్కడ పెద్దను ఏకగ్రీవంగా ప్రెసిడెంటు చేసుకున్నారు. ఊళ్ళో ఎన్నికలు వచ్చినప్పుడు నాయన నిలబడ్డాడు. నిలబడవద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మా వీధి ఓట్లు కూడా అన్నీ పడలేదు. గెలిచిన దుకాణం మనిషి మా ఇంటి ముందు నుంచి మేళం పెట్టి పోతూ, అరుగు దగ్గర కావాలని మేళం ఆపించి, నాయనకు నమస్కారం చేసి పోయాడు.

బందెలదొడ్డిలో పశువుల్ని మూయడం వాళ్ళు ఎత్తేశారు. పంచాయతీ ఆఫీసు కట్టుకోవడానికి ఆ స్థలం ఇమ్మని నాయనకు కబురు పెట్టారు. ఇవ్వనని తనే ముఖాన చెప్పాలని నాయన బయలుదేరాడు. చూపు దాదాపు పోయింది గనుక నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. పెద్ద ఒక రేకుల కొట్టం కింద బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"రా తమ్ముడా, కూసో. ఎండన పడి వచ్చినావు" అన్నాడు.

ఎగతాళి అనుకుందామంటే గొంతులో ఎగతాళి లేదు. వయసులో పెద్దవాడు చిన్నవాణ్ణి పిలిచినట్టే పిలిచాడు. మా ఇంటి మగవాళ్ళను అక్కడివాళ్ళు అయ్యా అని తప్ప పిలవగా నేను వినలేదు. నాయన కూర్చోలేదు. చెప్పాలనుకున్న మాట కూడా చెప్పలేదు.

ఈలోగా కోడలు ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. వాళ్ళ కొత్త బావి నీళ్ళు. నాయన ముందు పెట్టింది, ఆయన ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు నాకు చాపింది.

"తాగమ్మా. దండుగేం లేదు లే" అంది.

నేను తాగలేదు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది, అయినా తాగలేదు. ఆ రోజు తాగవలసిందని నాకు ఇప్పటికీ అనిపించదు. కడవెడు నీళ్ళు పోయనియ్యవలసిందని మాత్రం ఒక్కోసారి అనిపిస్తుంది, ముఖ్యంగా ఎండాకాలంలో.

నాయన ఆ తర్వాత వాగు దాటలేదు. ఆయన పోయాక మొదట గుర్రపుసాల అమ్మాను, తర్వాత జొన్నచేను. మూడో ఏట బందెలదొడ్డి ఉన్న ముప్పై సెంట్లూ, చుట్టూ గోడ రాళ్ళతో సహా, తొట్టితో సహా, తలుపూ తాళంతో సహా ఆ పంచాయతీకే అమ్మాను.